పుట్టింటి కారు

తిరుపతిలో కాపురం ఉండేవాళ్ళకు లోకంలో ఇంకెవరికీ లేని చిక్కు ఒకటుంది. వాళ్ళింటికి అందరూ వస్తారు, వాళ్ళు మాత్రం ఎవరింటికీ పోరు. తీర్థకట్ట వీధిలో ఉండే పంకజాక్షికి పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో ఆమె పెరట్లో ఎంతమంది స్నానాలు చేశారో, ఆమె మంచం కింద ఎన్ని మూటలు కొండకు పోయినవాళ్ళు దిగివచ్చేదాకా భద్రంగా పడున్నాయో ఆ కొండమీది స్వామికే తెలియాలి. పుణ్యమంతా కొండెక్కినవాళ్ళకు, పొయ్యి పొగంతా పంకజాక్షికి.

పోనీ విసుగు పుడితే నాలుగు రోజులు పుట్టింటికి పోదామా అంటే, పుట్టిల్లు రెండు వీధుల అవతలే. అక్కడికి పోతే వాళ్ళమ్మ కూడా పదిమందికి చారు కాస్తూ, "వచ్చినావా తల్లీ, ఆ కొబ్బరి కొంచెం తురిమిపెట్టు" అంటుంది.

వచ్చినవాళ్ళందరూ చుట్టాలమే అంటారు. వరస ఏమిటని అడిగితే, "మీ ఆయన పెద్దమ్మ ఉండాదే, ఆమె తోడికోడలి తమ్ముడు..." అని మొదలుపెడతారు. ఆ తమ్ముడి దగ్గర్నుంచి వాళ్ళదాకా వచ్చేలోపల పొయ్యి మీద అన్నం మాడుతుంది. అందుకని పంకజాక్షి వరసలు అడగడం ఎప్పుడో మానేసింది. గడపలో మనిషి కనబడితే చెంబుతో నీళ్ళివ్వడమే. పోయేటప్పుడు మాత్రం ప్రతివాళ్ళూ అదే గడపలో నిలబడి ఒకే మాట అంటారు: "మా ఊరికి తప్పకుండా రావాల్నమ్మా. పిల్లోల్లను ఎత్తుకోని రాండి."

ఈ మాట నిజమా, ఊరికే అనేదా? కొన్నాళ్ళుగా పంకజాక్షిని ఈ ప్రశ్న పట్టుకుని వదలడం లేదు. ఒకరోజు పొద్దున్నే పిల్లల్ని వెంటేసుకుని, ముందు ఒక మాటైనా చెప్పకుండా, అచ్చం వాళ్ళు వచ్చినట్టే పోయి గడపలో నిలబడితే ఏం చేస్తారు? కాళ్ళకు నీళ్ళిస్తారా? పీట వేస్తారా? ఒక్క పూట, ఒకే ఒక్క పూట, వేరేవాళ్ళు వండి వడ్డిస్తే కూర్చుని తినాలని ఆమెకు ఎంత ఆశగా ఉండేదంటే, ఆ సంగతి మొగుడితో చెప్పుకోవడానికి కూడా సిగ్గేసేది.

మొగుడు ఏకాంబరం కార్ల మెకానిక్కు. రేణిగుంట రోడ్డులో షెడ్డు ఉంది. ఆ మాఘమాసంలో రైసుమిల్లు దామోదరం అంబాసిడరు ఇంజను పూర్తిగా విప్పి, అరిగిన సిలిండర్లు బోరు చేయించి, మళ్ళీ బిగించాడు. కొత్తగా బోరు చేసిన ఇంజనును వెంటనే తరమకూడదు. బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలి. గంటకు నలభైకి మించకుండా, బరువు పెట్టకుండా, వందల కిలోమీటర్లు మెల్లగా తిప్పితేగాని అది కుదుటపడదు. దామోదరం డ్రైవరుకు నలభైలో పోవడమంటే నామోషీ. అందుకని దామోదరమే, "నువ్వే తిప్పి తెచ్చియ్యప్పా. ఊరికే తిరిగే బదులు ఇంట్లోవాళ్ళను యాడికన్నా తీసకపో" అన్నాడు.

ఆదివారం పొద్దున ఇంటిముందు కారు ఆగేసరికి పంకజాక్షి దోసెలు పోస్తూ ఉంది. మధ్యాహ్నానికి వడమాలపేట నుంచి ఒక గుంపు దిగుతుందని పక్కింటామె అప్పుడే కబురు చెప్పి పోయింది.

"మేయ్, యాడికన్నా పోయొద్దామా?" అన్నాడు ఏకాంబరం. "నువ్వు ఏ ఊరు చెప్తే ఆ ఊరు. నలభైలో పోవాల, అంతే."

పంకజాక్షి దోసె తిప్పడం మరిచిపోయింది. "నాగరత్నమ్మోళ్ళ ఊరికి పోదాం" అంది.

నాగరత్నమ్మది పూతలపట్టు దాటాక రెండు మైళ్ళు. నాలుగేళ్ళుగా, ఏటా గానుగలు ముగిశాక చెరుకాకులో చుట్టిన బెల్లం ముద్దతో వచ్చేది. తక్కినవాళ్ళు కొండకు పోయి మొక్కు తీర్చుకుని మర్నాడే బస్సెక్కితే, ఆమె మాత్రం నాలుగు రోజులుండి, వంటింట్లో పంకజాక్షి కొంగు పట్టుకున్నట్టు తిరిగేది. పోయేటప్పుడు, "మా ఊరికి రా అక్కా. ఇంటి ముందరే గానుగ. పాకం దించేటప్పుడు వస్తే పిల్లోల్లకు వేడిబెల్లం పెడతా" అని గడపలో ఒకసారి, వాకిట్లో ఒకసారి, వీధి మలుపులో తిరిగి చూసి ఇంకోసారి చెప్పేది. అందరి పిలుపుల్లోకీ గట్టి పిలుపు అదే. ఇది కూడా ఉత్తదైతే ఇంక లోకంలో ఎవరి పిలుపునూ నమ్మక్కర్లేదని పంకజాక్షి లెక్క.

"చెప్పకుండానా?" అన్నాడు ఏకాంబరం.

"మనింటికి వచ్చేటోళ్ళు మనల్ని అడిగి వస్తాండారా?"

పిల్లలకు దోసెలు పెట్టి, పంకజాక్షి పొయ్యి ఆర్పింది. తాళం వేసి, ఎప్పటిలాగే వచ్చేవాళ్ళకు ఇవ్వమని తాళంచెవి పక్కింట్లో పెట్టి, పిల్లవాడికి కుల్లాయి, తాగడానికి మరచెంబు నిండా నీళ్ళు తీసుకుని కారెక్కింది. ఇంకేమైనా మరిచిపోయానా అని ఒకసారి ఆలోచించింది కూడా. ఏమీ తట్టలేదు.

ఏడేళ్ళ మునిలక్ష్మి కిటికీ దగ్గర, నాలుగేళ్ళ చిన్నబ్బ ముందు సీట్లో నాయన పక్కన నిలబడి. ఊరు దాటగానే ప్రశ్నలు మొదలయ్యాయి. చంద్రగిరి కొండ మీద కోటగోడ చూసి, ఆడ ఎవురుండారని చిన్నబ్బ అడిగాడు. ఎవురూ లేరన్నాడు నాయన. ఎవరూ లేనప్పుడు గోడ ఎందుకు కట్టారని వాడికి అనుమానం. కట్టేటప్పుడు ఉన్నారని ఏకాంబరం చెబితే, మరి యాడికి పోయినారని అడిగాడు. గోడల మీద రాసి ఉన్న ఎర్ర త్రికోణం ఏమిటని మునిలక్ష్మి అడిగితే, కుటుంబ నియంత్రణ గురించి కూతురికి చెప్పలేక, అది బస్సాగే గుర్తని చెప్పేశాడు. ఆ తర్వాత త్రికోణం కనబడిన చోటల్లా బస్సు ఎందుకు ఆగలేదని ఆ పిల్ల నిలదీస్తూ వచ్చింది.

కారు నలభైలోనే పోతోంది. బస్సులు దాటిపోయాయి, లారీలు దాటిపోయాయి, కొత్త పెళ్ళికొడుకు ఒకడు మోటారు సైకిలు మీద భార్యతో దాటిపోతూ వెనక్కి తిరిగి నవ్వాడు. పంకజాక్షికి మాత్రం ఆ నిదానమే బాగుంది. పాకాల దగ్గర మామిడితోపులు పూతమీద ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆమె ఇంటికి వచ్చిన మనుషులంతా ఈ రోడ్డు మీదుగానే వచ్చారు కదా, వాళ్ళు రోజూ చూసే చెట్లు ఇవా, వాళ్ళు నీళ్ళు తోడుకునే బావులు ఇవా అని ప్రతిదాన్నీ వింతగా చూసింది.

"అమ్మా, నేను ఒకటి కనిపెట్టినా," అంది మునిలక్ష్మి కిటికీలోంచి తల తిప్పి. "ఎదురొచ్చే బస్సుల్లో అందరికీ జుట్లుండాయి. మనతో పాటు పోయే బస్సుల్లో అందరూ గుండ్లే."

పంకజాక్షి తల బయటికి పెట్టి చూసింది. నిజమే. ఇన్నేళ్ళు తిరుపతిలో ఉండీ ఆమెకు తెలియని సంగతి అది. ఊళ్ళోంచి బయటికి వస్తేగాని కనబడదు మరి.

పూతలపట్టు కూడలిలో టీకొట్టు ముందు కారాపి, గానుగ మునివెంకటప్ప ఇల్లు ఎక్కడని అడిగాడు ఏకాంబరం. నాగరత్నమ్మ మొగుడు మునివెంకటప్ప. టీకొట్టాయన కారునూ, లోపలున్నవాళ్ళనూ ఎగాదిగా చూశాడు.

"తిరపతి నుంచా? అయితే నాగరత్నమ్మ పుట్టింటోళ్ళు మీరేనన్నమాట. రేయ్, సైకిలేసుకోని ముందర పోయి మునెమ్మవ్వకు చెప్పు, కోడలి పుట్టింటోళ్ళు కార్లో వస్తాండారని."

"పుట్టింటోళ్ళం కాదప్పా, మేము..." అని ఏకాంబరం చెప్పేలోపలే సైకిలు వెళ్ళిపోయింది.

"పోనీలే, పల్లెటూరోళ్ళు. తెలిసినోళ్ళందరినీ అట్లే అంటారు" అంది పంకజాక్షి. అన్నదేగాని ఆ మాట ఆమె చెవిలో కొంచెం తేడాగానే మోగింది.

ఊరు ఇంకా కనబడకముందే పాకం వాసన వచ్చింది. ఇంటిముందు పందిరి కింద ఆయిలింజను టకటకమంటోంది, గానుగలో చెరుకు నలుగుతోంది, పెద్ద పెనంలో రసం పొంగుతోంది. పిల్లలిద్దరూ కారు ఆగకముందే దూకేటట్టున్నారు. ఏకాంబరం చూపు మాత్రం ఆయిలింజను మీదే. ఇంజను శబ్దంలో ఏదో నచ్చనట్టు తల పక్కకు వంచి విని, ఎవరూ పిలవకుండానే అటు నడిచాడు. అతన్ని పెళ్ళికి పిలిచినా ముందు లారీ కిందే వెతకాలి.

తిన్నె మీద కూర్చున్న ముసలామె లేచి నిలబడింది. మనిషి చెరుకుగడలా నిటారుగా ఉంది. నాగరత్నమ్మ అత్త మునెమ్మ.

"రాండమ్మా. ఇన్నేండ్లకు కనపడిందా మా ఊరి దోవ? సెల్లెలు ఉండాదో లేదో సూసిపోదామని ఇప్పుడన్నా బుద్ధి పుట్టిందే, సంతోషం" అంది. మాటల్లో మర్యాద ఉంది, మర్యాదకింద ఇంకేదో ఉంది. చెల్లెలు ఎవరని పంకజాక్షి అడగబోయింది. అంతలో పందిరికింద నుంచి నాగరత్నమ్మ వచ్చింది.

చేతులకు మోచేతుల దాకా బెల్లం. మొహాన చెమట. పంకజాక్షిని చూసి పరుగెత్తుకొస్తుందనీ, అక్కా అని చెయ్యి పట్టుకుంటుందనీ దోవ పొడుగునా ఊహించుకుంటూ వచ్చింది ఈమె. నాగరత్నమ్మ అక్కడే నిలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

అయిపోయింది, తేలిపోయింది అనుకుంది పంకజాక్షి. పిలుపులన్నీ గడప దాకానే. ఇంత దూరం వచ్చి, ఇద్దరు పిల్లల్ని వెంటపెట్టుకుని, ఇష్టంలేని ఇంటి వాకిట్లో నిలబడింది. ఏడుపొచ్చినంత పనైంది. అప్పటికప్పుడు కారెక్కి పోదామంటే మొగుడు ఇంజను కింద ఉన్నాడు.

"కాళ్ళకు నీల్లియ్యి మేయ్, మానులాగ నిలబడితే ఎట్ల?" అని మునెమ్మ కసిరింది. నాగరత్నమ్మ ఉలిక్కిపడి పంకజాక్షి చెయ్యి పట్టుకుని పెరట్లోకి దాదాపు లాక్కుపోయింది. తొట్టి పక్కన నీళ్ళు పోయబోయి, చెంబు కింద పెట్టి, ఆమె కాళ్ళ దగ్గరే కూలబడింది.

"అక్కా, నేను ఈ ఇంట్లో ఒక మాట చెప్పుండా. నువ్వు నా సొంత అక్కవని చెప్పుండా."

పంకజాక్షికి ముందు అర్థం కాలేదు.

"అమ్మా నాయనా నా చిన్నప్పుడే పోయినారు. మామ సాకి పెండ్లి చేసినాడు. ఆయనా పోయినాడు. గానుగలు ముగిస్తానే ఈ ఊరి కోడండ్లంతా పుట్టింటికి పోతారక్కా. నన్ను పిలిచేవాళ్ళే లేరు. పిలిచే దిక్కులేని దాన్ని తెచ్చుకుంటిమే అని అత్త నలుగురిలో అనింది. నాకు రోషమొచ్చి, తిరపతిలో మా అక్క ఉండాది, నేను పోతా అనేసినా. బస్సెక్కినంక యాడికి పోవాల్నో తెలీదు. బస్సులో ఎవురో మీ ఇంటికి పోతాంటే వాళ్ళ ఎనకాల్నే వచ్చేసినా. నువ్వు ఎవురని అడగలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చినావు."

"అంటే నువ్వు మాకు... ఆయన తరఫున ఏమీ..."

"ఏమీ కానక్కా. నీకు నేను ఏమీ కాను."

పంకజాక్షికి మొదట కోపమే వచ్చింది. రాదా మరి? నాలుగేళ్ళు వండిపెట్టింది. ఆ వెంటనే నవ్వు రాబోయింది. అంతలో నాగరత్నమ్మ వేసుకున్న రవిక మీద ఆమె చూపు పడింది. చిలకపచ్చ మీద పసుపు చుక్కలు. ఎవరో తనకు పెడితే, రంగు నచ్చక పెట్టెలో పడేసి, ఎవరు పోయేటప్పుడైనా పెట్టొచ్చులే అనుకుని, పోయినేడు ఈమె చేతిలో పెట్టిన గుడ్డ అది. దాన్ని ఈమె చక్కగా కుట్టించుకుని, చిరుగును కనబడకుండా మాటు వేసుకుని, గానుగ పనిలో కూడా తొడుక్కుంది. మా అక్క పెట్టిందని ఊరంతా చూపించే ఉంటుంది. పంకజాక్షి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీ ఆయనకు తెలుసా?"

"తెలుసు. బస్టాండు దాకా వచ్చి ఆయనే ఎక్కిస్తాడు. అత్తకే తెలీదు. అక్క అక్క అంటావు, ఒక్కతూరన్నా వచ్చిందా అని ఏటా దెప్పతాది. అందుకే నిన్ను అన్నిసార్లు పిలిచినా. పిలిచేటప్పుడు రావాల్నని ఉంటాది. బస్సెక్కినంక, నిజంగా వస్తే యాడ బయటపడతాదో అని భయమేస్తాది."

ఇన్నాళ్ళ ప్రశ్నకు జవాబు దొరికింది. పిలుపు నిజమే. మరీ నిజం కావడంవల్లే ఆ పిల్ల మొహం అట్లా పాలిపోయింది. పంకజాక్షి తానే చెంబు తీసుకుని కాళ్ళు కడుక్కుంది. "లేయ్. మొకం కడుక్కో. మీ అత్త చూస్తాది" అంది.

లోపల పీటలు వేశారు. వేడి రాగిముద్ద, వేరుశెనగల ఊరిబిండి పచ్చడి, అలసందల పులుసు, అప్పటికప్పుడు పొరటిన గుడ్లు. ఇన్నేళ్ళు కలలు కన్న పీట మీద కూర్చుంది పంకజాక్షి, కానీ ముద్దను విస్తట్లో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. మునెమ్మ గడపలో కూర్చుని ఆకువక్క నములుతూ ఎవరేం మాట్లాడతారా అని చూస్తోంది.

నాగరత్నమ్మ నెయ్యి వేయబోతే మునిలక్ష్మి విస్తరికి చెయ్యి అడ్డంపెట్టి, "నాకు చాలత్తా" అంది.

మునెమ్మ నమలడం ఆపింది. "అత్తేంది? అమ్మకు సెల్లెలయితే నీకు పిన్నమ్మ గదా?"

మునిలక్ష్మి తల్లివైపు చూసింది. నాగరత్నమ్మ వంచిన నెయ్యి పీట మీద ఒలికింది.

"మా ఇంటికి వచ్చే ఆడోళ్ళందరినీ అత్తా అనే పిలస్తాది పెద్దమ్మా. రోజుకు పదిమంది వస్తే చిన్నబిడ్డకు ఏం తెలస్తాది?" అంది పంకజాక్షి. "పిన్నమ్మ అనాల లక్ష్మీ."

"ఎప్పటినుంచి పిన్నమ్మ?" అని ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"నువ్వు పుట్టకముందు నుంచి. తిను."

ఆ గండం గడిచిందనుకునేలోపల ఇంకొకటి వచ్చింది. భోజనాలయ్యేసరికి తిన్నె నిండా అమ్మలక్కలు చేరారు. పుట్టింటివాళ్ళు వచ్చారంటే సారె తెస్తారు. తెచ్చింది నలుగురూ చూడాలి, పండో ఫలమో నలుగురికీ పంచాలి. చాప పరిచి, మధ్యలో ఖాళీ వెదురుతట్ట ఒకటి పెట్టి మరీ కూర్చున్నారు.

"సెల్లెలికి ఏం తెచ్చినారో తీయమ్మా," అంది మునెమ్మ. "అందరూ కాసుకోనుండారు."

పొద్దున ఏం మరిచిపోయిందో పంకజాక్షికి ఇప్పుడు తెలిసింది. చుట్టాలింటికి పోయేవాళ్ళు చేత్తో ఏదైనా పట్టుకుపోవాలి. ఆమె ఇంటికి వచ్చినవాళ్ళంతా గుమ్మడికాయో చెనిక్కాయలో మూట కట్టుకునే వచ్చారు. అందుకోవడమే ఆమెకు అలవాటు. పట్టుకుపోయే అవసరం జన్మలో పడలేదు. చుట్టమై పోవడం ఎట్లాగో ఆమెకు ఎవరూ నేర్పలేదు. అరిటిపండైనా లేదు, మూర పువ్వులైనా లేవు. మరచెంబు తప్ప కారులో ఏమీ లేదు.

"మనం ఏమీ తేలేదు గదమ్మా," అంది మునిలక్ష్మి స్పష్టంగా. "దోసె తిని అట్లే వచ్చేసినాం."

తిన్నె మీద గుసగుసలు లేచాయి. వెనక ఎవరో నవ్వారు. నాగరత్నమ్మ స్తంభానికి ఆనుకుని తల వంచుకుంది. ఆ వంచిన తల చూస్తే పంకజాక్షికి పౌరుషం వచ్చింది. తన ఇంట్లో తిని, తన వంటింట్లో తిరిగి, తనను అక్కా అన్న పిల్ల. వరసదేముంది? వరస అడగడం తానెప్పుడో మానేసిందిగా.

"ఇచ్చిపోయేదానికి రాలేదు పెద్దమ్మా," అంది పంకజాక్షి. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "పిలుచుకోని పోయేదానికి వచ్చినాం. అందుకే కారు తెచ్చినాం. ఏటా అది బస్సులో నలిగి వస్తాంటే మాకు కష్టంగా ఉండాది. ఒక తూరన్నా కార్లో తీసకపోవాలని మా ఆయన ఆశపడినాడు."

అప్పుడే చేతులు తుడుచుకుంటూ ఏకాంబరం, వెనకే మునివెంకటప్ప వచ్చారు. తిన్నె మీద అందరూ తనవైపే చూడటంతో ఏకాంబరం పెళ్ళాం మొహం చూశాడు. తొమ్మిదేళ్ళ కాపురం ఊరికే పోలేదు.

"అవును," అన్నాడు. "ఆ కారు ఇంజను బోరు చేసింది కూడా అందుకే."

మునెమ్మ ఆకు ఉమ్మి వచ్చి కూర్చుంది. "గానుగ ఇంకా ముగీలేదే. పనులు ఎవురు సూస్తారు?"

"ఎన్నాళ్ళు పంపిస్తే అన్నాళ్ళు. మీరు ఎప్పుడు పంపీమంటే అప్పుడు తెచ్చి దించుతాం."

"నేను సూసుకుంటాలేమ్మా పని," అన్నాడు మునివెంకటప్ప తల్లితో. అతను అంతసేపట్లో మాట్లాడింది ఆ ఒక్క మాటే. పంకజాక్షి వైపు మాత్రం చేతులు జోడించినంత పని చేశాడు.

మునెమ్మ ఖాళీ తట్టనూ, వాకిట్లో కారునూ, కోడలినీ ఒకటి తర్వాత ఒకటి చూసింది. "పుట్టింటోళ్ళు గడప తొక్కి పిలిస్తే పంపనంటే నలుగురూ నన్నంటారు. వచ్చే ఆదివారం దాకా," అంది.

పిలిచే మాట ఇంకా మిగిలింది, దాన్ని అందరి ముందూ అనాలి. పంకజాక్షి లేచి స్తంభం దగ్గరికి పోయి నాగరత్నమ్మ చెయ్యి పట్టుకుంది. "రత్నమ్మా, మా ఇంటికి రా" అంది. అన్నాక ఆమెకు తట్టింది. ఇన్ని వందలమంది వచ్చిపోయిన ఇంట్లో పుట్టి, ఇంకో అటువంటి ఇంట్లో మెట్టి, ఈ మాట ఆమె ఇంతవరకూ ఒక్కరితోనూ అనలేదు. అనే పనే పడలేదు. పిలవకముందే వస్తారు గనుక. నాగరత్నమ్మ నోట కొంగు కుక్కుకుని ఏడ్చింది. పుట్టింటికి పోయే కోడళ్ళు ఏడవడం ఆ ఊళ్ళో మామూలే గాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

బయలుదేరేముందు పాకం దింపారు. నాగరత్నమ్మ పిల్లల చేతుల్లో చెరుకాకు పెట్టి వేడిబెల్లం వేసింది. పాకం ఎప్పుడు బెల్లమవుతుందో కళ్ళతో పట్టుకోవాలని మునిలక్ష్మి పెనం పక్కనే కూర్చుంది. రెప్ప వేసిన క్షణంలోనే అయిపోయిందని తర్వాత చాలాసేపు బాధపడింది. మునెమ్మ బెల్లం ముద్దలు, గుమ్మడికాయ, చెనిక్కాయల మూట కారులో పెట్టించింది. పంకజాక్షికి బొట్టు పెట్టి, రవికగుడ్డ చేతికిచ్చి, చెవి దగ్గరికి వంగింది.

"ఇంకమీద వచ్చేటప్పుడు రెండు అరిటిపండ్లన్నా పట్టుకోని రా తల్లీ. నలుగురు సూస్తారు."

ఆ మాట ఎంత తెలిసి అన్నదో ఎంత తెలియక అన్నదో పంకజాక్షికి అంతుపట్టలేదు. మళ్ళీ చూస్తే ముసలామె గానుగవాళ్ళ మీద కేకలేస్తోంది.

తిరుగుదారిలోనూ నలభైయే. పిల్లలు నాగరత్నమ్మకు చెరోవైపు ఒరిగి, చేతులు జిగటగా ఉండగానే నిద్రపోయారు. దీపాలు పెట్టే వేళకు కారు వీధిలో ఆగింది. వడమాలపేటవాళ్ళు వచ్చేసి ఉన్నారు. తాళం తీసుకుని, మూటలు లోపల పెట్టుకుని, అరుగు మీద వరసగా కూర్చున్నారు.

"యాడికి పోయినారమ్మా? మధ్యాన్నం నుంచి మీకోసమే కాసుకోనుండాం" అంది అందులో పెద్దామె. ఆకలి మీదున్నట్టు గొంతే చెబుతోంది.

నాగరత్నమ్మ అలవాటు ప్రకారం కొంగు దోపి నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది. పంకజాక్షి వెనకనుంచి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ వచ్చిన పూటే పొయ్యి ముట్టించేది యాడన్నా ఉందా? కూర్చో."

"మరి అక్కా, వీళ్ళందరికీ..."

పంకజాక్షి అరుగు వైపు తిరిగింది. "అమ్మా, మా చెల్లెలు పుట్టింటికి వచ్చింది. ఈ పూట నేను దాని పక్కన కూర్చోవాల. బియ్యం ఆ డబ్బాలో, చింతపండు ఆ జాడీలో ఉండాయి. గుమ్మడికాయ కార్లో ఉండాది. మీరే వండేయండి."

వడమాలపేటవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిరుపతిలో ఇట్లాంటి మాట వాళ్ళెప్పుడూ విన్నట్టు లేదు. తర్వాత పెద్దామె లేచింది. ఆమె లేచాక తక్కినవాళ్ళూ లేచారు. వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది. తాను అక్కడ లేకుండా తన వంటింట్లోంచి వచ్చే చప్పుడు వినడం పంకజాక్షికి అదే మొదటిసారి. ఉప్పు ఎక్కడుందో వాళ్ళకు దొరికిందా అని లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

రెండు పీటలు వేశారు. అక్క పక్కన చెల్లెలు. గుమ్మడికాయ పులుసు కొంచెం కారంగా ఉంది, అన్నం కొంచెం మెత్తబడింది. పంకజాక్షి మూడుసార్లు అడిగి వేయించుకుని తినింది. ఇంత రుచిగా ఎప్పుడు తిన్నదీ ఆమెకు గుర్తులేదు.

"ఇంకొంచెం ఏసుకోండమ్మా" అంటూ పెద్దామె గరిటెతో వచ్చి, అలవాటుగా అనేసింది. "ఒక తూరి మా వడమాలపేటకు కూడా రావాల్నమ్మా మీరు. పిల్లోల్లను ఎత్తుకోని."

పంకజాక్షి తలెత్తి ఆమె కళ్ళల్లోకి ఆసక్తిగా చూసింది. "వస్తాం. ఎప్పుడు రమ్మంటారు?"

గరిటె గాల్లో ఆగింది. వీధిలో కారు బానెట్టు ఎత్తి చూసుకుంటున్న ఏకాంబరం అక్కడినుంచే అన్నాడు. "మేయ్, బండి ఇంకా చానా దూరం తిరగాల్సి ఉండాది."

నాగరత్నమ్మ పీట మీదే సర్దుకుని కూర్చుని, నవ్వు ఆపుకుంటూ పంకజాక్షి చెవిలో అంది. "ఈసారి అరిటిపండ్లు తీసుకోని పోదాం అక్కా."